ఆవాల డబ్బాలో మాత్రలు

కూకట్‌పల్లి నుంచి ఒక టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆవిడ వయసు 47. ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతారు. కిందటేడు ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. గడ్డ హార్మోన్ పాజిటివ్ రకం, అంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ అండతో పెరిగేది కాబట్టి టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున ఐదేళ్లు వేసుకోమన్నారు. మూడో కీమోకే నెలసరి ఆగిపోయింది. మాత్ర మొదలుపెట్టిన నెల రోజులకి ఆవిర్లు పట్టుకున్నాయి. "బోర్డు మీద రాస్తుంటే గుండెల్లోంచి మంట లేచి మెడ మీదుగా తలలోకి ఎక్కుతుంది. జాకెట్టు వీపంతా తడిసిపోతుంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నట్టనిపించి, లెక్క సగంలో వదిలేసి కూర్చున్నాను" అని రాశారు. రాత్రి నాలుగైదు సార్లు మెలకువ. ఏసీ పెంచితే భర్తకి చలి, తగ్గిస్తే ఈవిడకి మంట. మూడు నెలలుగా పడక హాల్లో దివాన్ మీదే. కింద పొడిబారి, మంటగా ఉంటోంది. భర్త దగ్గరికి వస్తే నొప్పికి భయపడి ఏదో ఒక వంక చెబుతున్నారు. "ఆపరేషన్ అయ్యాక నేనంటే ఇష్టం పోయిందా" అని ఆయన ఒకసారి అడిగారట. ఈవిడ జవాబు చెప్పలేదు.

ఓపీలో క్యాన్సర్ డాక్టరుగారికి చెబితే, ఫైల్లోంచి తలెత్తకుండానే "ఇవన్నీ మామూలే అమ్మా, కొంచెం ఓర్చుకోవాలి" అన్నారు. ఇంకోచోట, క్యాన్సర్ సంగతి చెప్పకుండా చూపించుకుంటే టిబొలోన్ అనే హార్మోన్ మాత్ర రాశారు. కొన్నారు గానీ ఇంకా వేసుకోలేదు. తోడికోడలు శతావరి చూర్ణం, ఆన్‌లైన్లో తెప్పించిన పసుపు, మిరియాల సారం క్యాప్సూల్స్ ఇచ్చింది. అవి నెల రోజులుగా వాడుతున్నారు. అసలు సంగతి ఉత్తరం చివర్లో ఉంది. మూడు వారాలుగా టామాక్సిఫెన్ మానేశారు. "స్ట్రిప్ ఖాళీ అవుతున్నట్టు కనిపించాలి కాబట్టి రోజూ ఒక మాత్ర విప్పి, పోపుల పెట్టె వెనకున్న ఆవాల డబ్బాలో అడుగుకి తోసేస్తున్నాను. ఆవిర్లు సగం తగ్గాయి, పూర్తిగా పోలేదు. నిద్ర మాత్రం కొంచెం పడుతోంది. కానీ పడుకునే ముందు భయం." మాత్ర ఆపేస్తే నిజంగా ఏమవుతుంది, హార్మోన్ మాత్ర వేసుకోవచ్చా, ఈ పొడుల వల్ల మంచి జరుగుతుందా, మా ఆయనకి ఎలా చెప్పను, ఇవీ ఆవిడ అడిగినవి.

టీచరుగారూ,

ముందే చెబుతున్నాను, మిమ్మల్ని కోప్పడను. మాత్ర మానేసింది మీరొక్కరే అనుకోకండి. అమెరికాలో 8,700 మందికి పైగా స్త్రీల మందుల రికార్డులు చూసి 2010లో ఒక అధ్యయనం వేశారు. అందులో ఈ రకం హార్మోన్ చికిత్సని చివరిదాకా సక్రమంగా వాడినవాళ్లు దాదాపు సగం మందే. ఆ మానేసిన సగం మందిలో చాలామందికి మీ కష్టాలే ఉండి ఉంటాయి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నేను ముప్పై ఏళ్లు గైనిక్ ఓపీలో కూర్చున్నదాన్ని. "ఓర్చుకోవాలమ్మా" అని నేనూ అన్నాను, ఎన్నోసార్లు. బయట బెంచీల మీద అరవై మంది ఉన్నప్పుడు ఆ మాట నోట్లోకి చాలా సులువుగా వస్తుంది. అంతకుముందైతే ఇంకో తప్పు చేసేదాన్ని. ఆవిర్లు అన్నవాళ్లందరికీ హార్మోన్ మాత్రలు ధారాళంగా రాసేదాన్ని. ఆ మాత్రలతో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 2002లో అమెరికా నుంచి విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాక నాతోపాటు చాలామంది చెయ్యి ఒక్కసారిగా ఆగింది. అప్పట్నుంచి కొందరు ఇంకో చివరకి వెళ్లిపోయి, ఏ మందూ లేదన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. మీకు దొరికినవి ఆ రెండు చివర్లే. ఒకరు ఓర్చుకోమన్నారు, ఒకరు హార్మోన్ రాశారు. మధ్యలో ఉన్నదాని గురించి మీకెవరూ చెప్పలేదు. ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

మంట ఎక్కణ్నుంచి వస్తోందో ముందు చూద్దాం. మెదడులో హైపోథలామస్ అనే చోట ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు ఒకటుంది. ఈస్ట్రోజెన్ పడిపోతే అది మరీ సున్నితమైపోతుంది. కరెంటు కాస్త అటూ ఇటూ అయినా టక్కున కొట్టేసే పాత స్టెబిలైజర్ లాగా, మామూలప్పుడు లెక్కచెయ్యని చిన్న వేడికే కంగారుపడి చర్మంలోకి రక్తాన్ని తోసేస్తుంది, చెమట పట్టిస్తుంది, ఆ వెనకే వణుకు తెప్పిస్తుంది. మీకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. కొన్నేళ్లు తీసుకుని మెల్లగా తగ్గాల్సిన ఈస్ట్రోజెన్‌ని కీమో కొద్ది నెలల్లో పడగొట్టింది. మిగిలిన కాస్త కూడా పనిచెయ్యకుండా టామాక్సిఫెన్ అడ్డుపడింది. అందుకే మాత్ర మానేసినా ఆవిర్లు పూర్తిగా పోలేదు. మాత్ర ఒంట్లోంచి పోవడానికే కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మీ "సగం" మరీ కచ్చితమైన లెక్క కాదు. అయినా ఒకటి తెలిసింది. మానేసినంత మాత్రాన మీ పాత ఒళ్లు మీకు తిరిగి రాదు. అన్నట్టు, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే మండుతుంది. టీఎస్‌హెచ్ పరీక్ష ఈమధ్య చేయించుకోకపోతే ఒకసారి చేయించండి.

ఇక ఆపేస్తే ఏమవుతుందన్న ప్రశ్న. టామాక్సిఫెన్ మీద జరిగిన 20 ట్రయల్స్‌ని కలిపి చూసిన పెద్ద విశ్లేషణ 2011లో వచ్చింది. మీలాంటి హార్మోన్ పాజిటివ్ వాళ్లు ఐదేళ్లు వాడితే, ఆ ఐదేళ్లలో జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. మాత్ర ఆపేశాక కూడా కొన్నేళ్లు ఆ కాపుదల కొనసాగింది. 15 ఏళ్ల లెక్కలో రొమ్ము క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. రోజుకొక చిన్న మాత్రకి ఇంత ఫలితం ఉన్న మందులు క్యాన్సర్‌లో ఎక్కువ లేవు.

కానీ మీరు లెక్కల టీచరు. "సగం" అంటే వెంటనే "దేనిలో సగం" అని మీ పిల్లల్ని అడుగుతారు. ఇక్కడా అదే అడగాలి. వంద మందిలో నలుగురికి తిరగబెట్టే జబ్బులో సగం అంటే ఇద్దరు. ముప్పై మందికి తిరగబెట్టే జబ్బులో సగం అంటే పదిహేను మంది. మీది ఏ లెక్కో గడ్డ సైజు, చంకలో గ్రంథులకి పాకిందా లేదా, గ్రేడ్ (కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయన్న లెక్క) ఎంత అన్నవాటి మీద ఆధారపడుతుంది. ఆ కాగితాలు మీరు పంపలేదు, నాకు పంపక్కర్లేదు కూడా. మీ డాక్టరుగారినే అడగండి: "మాత్రతో నా లెక్క ఎంత, మాత్ర లేకుండా ఎంత?" ఇంగ్లండ్‌లో తయారైన ప్రిడిక్ట్ అనే లెక్క వాళ్లకి కంప్యూటర్లో దొరుకుతుంది. రెండు నిమిషాల పని. ఆ అంకె తెలుసుకుని, అన్ని దారులూ ప్రయత్నించాక కూడా "నాకు వద్దు" అనుకుంటే అది మీ నిర్ణయం. ఎవరూ కాదనలేరు. ఇప్పుడు జరుగుతున్నది నిర్ణయం కాదు. మీ డాక్టరు మీరు మాత్ర వేసుకుంటున్నారనుకుని ఫైలు రాస్తున్నారు.

మూడు వారాలకే కొంప మునగదు, ఆ భయం పెట్టుకోకండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పోయినవన్నీ కలిపి వేసుకోవాలని మాత్రం అనుకోవద్దు. మామూలుగా రోజుకొకటే. ఓపీ తేదీ దాకా ఆగకుండా ఈ వారమే ఆసుపత్రికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వాళ్లు వెంటనే మొదలుపెట్టమనొచ్చు. లేదా మీరు ఎలాగూ ఆపారు కాబట్టి, ఆవిర్లకి మందు మొదలుపెట్టి, అది పట్టుకున్నాక టామాక్సిఫెన్ వేసుకోమనొచ్చు. డాక్టరుకి తెలిసి కొన్ని వారాలు ఆపి చూడటం వైద్యంలో ఉన్న పద్ధతే. తెలియకుండా ఆపితే అది ఎప్పుడు ముగించాలో చెప్పేవాళ్లుండరు.

ఆ టిబొలోన్ స్ట్రిప్ సంగతి. దాన్ని మీరు వేసుకోకపోవడం మంచిదైంది. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఆవిర్లతో బాధపడుతున్న మూడు వేల మందికి పైగా స్త్రీలకి సరిగ్గా ఇదే మాత్ర ఇచ్చి చూశారు. లిబరేట్ అని ఆ ట్రయల్ పేరు, 2009లో ఫలితాలు వచ్చాయి. ఆవిర్లు తగ్గాయి, నిజమే. కానీ సుమారు మూడేళ్లలో టిబొలోన్ వాడినవాళ్లలో 15.2 శాతం మందికి, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 10.7 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ట్రయల్‌ని ముందే ఆపేశారు. మామూలు హార్మోన్ మాత్రల మీద స్వీడన్‌లో మొదలైన హాబిట్స్ ట్రయల్ కూడా 2003 డిసెంబరులో అలాగే ఆగిపోయింది. అప్పటికి హార్మోన్ వాడినవాళ్లలో 26 మందికి, వాడనివాళ్లలో 7 మందికి క్యాన్సర్ మళ్లీ కనిపించింది. అదే దేశంలో జరిగిన స్టాక్‌హోమ్ ట్రయల్‌లో ఇంత తేడా రాలేదు, అది కూడా చెప్పాలి. అందుకే కొన్ని దేశాల్లో, ఏ మందూ పనిచెయ్యని కొద్దిమందికి క్యాన్సర్ డాక్టరు, గైనిక్ డాక్టరు కలిసి మాట్లాడుకుని ఇవ్వడం ఉంది. మీరింకా మొదటి మందే ప్రయత్నించలేదు, అంత దూరం పోనక్కర్లేదు. టిబొలోన్ రాసిన డాక్టరుగారిని నేను తప్పుపట్టను. మీరు క్యాన్సర్ సంగతి దాచారు, ఆవిడ ఎదురుగా కనిపించినదానికి రాశారు.

ఇప్పుడు మధ్యలో ఉన్నవాటి దగ్గరికొద్దాం.

అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉన్నది వెన్లాఫాక్సిన్. మందుల షాపతను "ఇది డిప్రెషన్ మాత్ర కదా మేడం" అంటాడు, మీరు ఉలిక్కిపడతారు, అందుకే ముందే చెబుతున్నాను. అది డిప్రెషన్‌కి వాడే మందే. కానీ మీకు ఇచ్చేది మనసు బాగోలేదని కాదు. మెదడులో ఆ వేడి ఏర్పాటు మీద కూడా అది పనిచేస్తుంది. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 2000లో ప్రచురించిన ట్రయల్‌లో, రోజుకి 75 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లకి నాలుగు వారాల్లో ఆవిర్లు 61 శాతం తగ్గాయి. 37.5 మిల్లీగ్రాములకి 37 శాతం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి 27 శాతం. ఈ 27ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తాం. సాధారణంగా తక్కువ డోసుతో మొదలుపెట్టి వారం తర్వాత పెంచుతారు. రెండు వారాల్లోనే తేడా తెలిసిపోతుంది. మొదట్లో కడుపులో వికారం, నోరు ఎండటం, మలబద్ధకం ఉండొచ్చు. బీపీ చూపించుకుంటూ ఉండాలి. ఆపాలనుకున్నప్పుడు ఒక్కసారిగా ఆపకూడదు, మెట్టు మెట్టుగా తగ్గించాలి. ఆవాల డబ్బా అలవాటు దీనికి అస్సలు పనికిరాదు.

ఇక్కడో మెలిక ఉంది. అదే కుటుంబంలోని పరాక్సిటిన్, ఫ్లుయాక్సిటిన్ కూడా ఆవిర్లకో, దిగులుకో రాస్తుంటారు. టామాక్సిఫెన్ ఒంట్లోకి వెళ్లాక కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని అసలైన పదునున్న రూపంలోకి మారుస్తుంది. ఈ రెండు మందులూ ఆ ఎంజైమ్‌నే గట్టిగా అడ్డుకుంటాయి. కాబట్టి టామాక్సిఫెన్ వాడేవాళ్లు వీటిని తప్పించాలి. వెన్లాఫాక్సిన్‌తో ఆ ఇబ్బంది పెద్దగా లేదు. నిద్రకనో, టెన్షన్‌కనో మీకు ఎవరైనా మాత్ర రాస్తే "నేను టామాక్సిఫెన్ మీద ఉన్నాను" అని ముందే చెప్పండి.

మీకు పగలు కంటే రాత్రి బాధ ఎక్కువైతే గాబాపెంటిన్ గురించి అడగండి. అది నరాల నొప్పికి వాడే మందు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 420 మంది స్త్రీల మీద 2005లో వచ్చిన ట్రయల్‌లో, రోజుకి 900 మిల్లీగ్రాములతో ఎనిమిది వారాలకి ఆవిర్ల తీవ్రత 46 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్రతో 15 శాతం. మత్తుగా ఉంటుంది. ఆ మత్తే రాత్రి పడుకునేటప్పుడు మేలు చేస్తుంది కాబట్టి చాలామందికి రాత్రి ఒక్క డోసుతోనే మొదలుపెడతారు. కానీ పొద్దున్నే మొదటి పీరియడ్ మీదే అయితే తల తిరుగుతూ బోర్డు ముందు నిలబడటం కుదరదు. అందుకని సెలవు రోజు ముందు రాత్రి మొదలుపెట్టి చూసుకోండి. మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్ కూడా ఆవిర్లని తగ్గిస్తుందని 2020లో తేలింది. నోరు బాగా ఎండుతుంది. రోజంతా పాఠం చెప్పే మనిషికి అది ఎంత చిరాకో మీకే తెలుస్తుంది. ఇంకా కొత్తది ఎలింజనెటెంట్. మెదడులో ఆవిర్లని రేపే చోటునే నేరుగా ఆపే మందు. హార్మోన్ చికిత్సలో ఉన్న రొమ్ము క్యాన్సర్ స్త్రీల మీదే చేసిన ట్రయల్ 2025లో ప్రచురితమై మంచి ఫలితం చూపించింది. మీ డాక్టరు దగ్గర పేరు ఎత్తి చూడండి. కానీ మొదటి ప్రయత్నం పాత మందులతో చేయడంలో మీకు పోయేదేమీ లేదు.

మందే వద్దనుకుంటే కూడా ఒక దారి ఉంది. దాన్ని మన దగ్గర ఎందుకో చిన్నచూపు చూస్తారు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ అంటారు. క్లినికల్ సైకాలజిస్టులు చేస్తారు. ఇంగ్లండ్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 96 మంది మీద జరిగిన ట్రయల్ 2012లో వచ్చింది. వారానికి గంటన్నర చొప్పున ఆరు వారాలు, గుంపుగా కూర్చోబెట్టి నేర్పారు. ఆవిర్ల సంఖ్య పెద్దగా తగ్గకపోయినా, వాటివల్ల పడే బాధ బాగా తగ్గింది, ఆ మేలు నెలల తర్వాత కూడా నిలిచింది. ఇది ఎలా పనిచేస్తుందో మీ క్లాసురూముతోనే చెబుతాను. మంట లేస్తుంది. అది శరీరం పని. ఆ వెంటనే "అందరూ నన్నే చూస్తున్నారు, నవ్వుతున్నారు" అన్న ఆలోచన వస్తుంది. గుండె దడ పెరుగుతుంది, ఆ దడ మంటని ఇంకా ఎగదోస్తుంది. పదిహేనేళ్ల పిల్లలు వెనక బెంచీలో నవ్వడానికి టీచరుగారి జాకెట్టు తడవక్కర్లేదు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. థెరపీలో ఆ ఆలోచనని పట్టుకుని నిలదీయడం నేర్పుతారు. మార్కర్ కింద పెట్టి, "ఈ మెట్టు మీరు చెయ్యండి" అని పిల్లలకి వదిలేసి, కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడి మళ్లీ బోర్డు దగ్గరికి రావడం సాధన చేయిస్తారు. లెక్క సగంలో వదిలి కూర్చోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

నూలు బట్టలు, కుండ నీళ్లు, పక్కన చిన్న టేబుల్ ఫ్యాన్ హాయిగా ఉంటాయి, పెట్టుకోండి. కానీ అవి ఆవిర్లని తగ్గిస్తాయనడానికి రుజువు లేదు. నడక, యోగా కూడా అంతే. 2023లో నార్త్ అమెరికన్ మెనోపాజ్ సొసైటీ రుజువులన్నీ వడపోసి అదే చెప్పింది. నడకని మానమని దీనర్థం కాదు. ఎముకలకి, నిద్రకి, బరువుకి అది అవసరమే. ఆవిర్లు తగ్గలేదని నడక మీద అలగొద్దు, అంతే.

తోడికోడలి పొడులకొస్తే, ఆవిడ ప్రేమతో ఇచ్చింది, అందులో అనుమానం లేదు. ఇందాకటి 27 శాతం గుర్తుందా? ఏమీ లేని మాత్ర వేసుకున్నా నూటికి 27 వంతుల ఆవిర్లు తగ్గాయి. కాబట్టి ఎవరైనా "మా అక్క ఫలానా పొడి తాగితే తగ్గింది" అంటే అబద్ధమాడుతున్నట్టు కాదు. తగ్గే ఉంటుంది. పొడి వల్లే తగ్గిందా అన్నది ఆ ఒక్క అక్కని చూసి తేల్చలేం. శతావరిలో ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తించే పదార్థాలున్నాయని అంటారు. హార్మోన్ పాజిటివ్ జబ్బు వచ్చినవాళ్లకి అది భద్రమని చూపించిన గట్టి ట్రయల్స్ లేవు. నేనైతే ఆపేస్తాను. పసుపు క్యాప్సూల్స్ మాత్రం ఇవాళే ఆపండి. పసుపు సారానికి మిరియాల సారం కలిపి టామాక్సిఫెన్‌తో ఇచ్చినప్పుడు, ఒంట్లో ఆ మాత్ర అసలు పదును తగ్గిందని నెదర్లాండ్స్‌లో 2019లో ఒక చిన్న అధ్యయనంలో కనిపించింది. కూరలో చిటికెడు పసుపుకీ, చారులో మిరియాలకీ దీంతో సంబంధం లేదు. మీల్‌మేకర్ కూర తినొచ్చు, సోయా సారం మాత్రలు వద్దు. అవిసె గింజల పొడి ఇడ్లీలో నంజుకోండి, రుచి కోసం. ఆవిర్లకి అది పనిచెయ్యలేదని ట్రయల్ చేసి మరీ తేల్చారు.

మాత్ర మార్చడం కూడా ఒక దారి. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటివి ఉన్నాయి. కొందరికి ఆవిర్లు తగ్గుతాయి, బదులుగా కీళ్ల నొప్పులు, ఎముకలు పలచబడటం, కింద పొడిదనం ఎక్కువవుతాయి. పైగా మీ వయసులో కీమోతో ఆగిన నెలసరి మళ్లీ రావచ్చు. అండాశయాలు పనిచేస్తుండగా ఈ మందులు ఒంటరిగా పనిచెయ్యవు. అండాశయాల పనిని ఆపే ఇంజెక్షన్ కూడా నెలనెలా కావాలి. నెలసరి లేదు కదా అని గర్భం రాదనుకోవద్దు కూడా. టామాక్సిఫెన్ మీద ఉండగా గర్భం రాకూడదు. హార్మోన్ లేని పద్ధతి, కాపర్-టీ లాంటిది, గురించి అడగండి.

ఇక మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. కింద మంట. ఆవిర్లు చాలామందికి కాలంతోపాటు తగ్గుతాయి. ఇది తగ్గదు, వదిలేస్తే పెరుగుతుంది. కాబట్టి దీన్ని ఓర్చుకోవడంలో లాభం ఏమీ లేదు. మందుల షాపులో హార్మోన్ లేని వెజైనల్ మాయిశ్చరైజర్ దొరుకుతుంది. కలయిక ఉన్నా లేకపోయినా వారానికి రెండు మూడుసార్లు వాడాలి, ముఖానికి క్రీమ్ రాసుకున్నట్టే. కలయికప్పుడు విడిగా లూబ్రికెంట్. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుని, ఒక్కటే వాడి, ఫలితం లేదంటారు. రెండు మూడు నెలలు వాడినా మంట తగ్గకపోతే, అక్కడే పనిచేసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ గురించి క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడొచ్చు. టామాక్సిఫెన్ మీద ఉన్నవాళ్లకి దానితో భయం తక్కువ. లెట్రోజోల్ లాంటివి వాడేవాళ్లలో జాగ్రత్త అవసరమని 2022లో డెన్మార్క్ లెక్కలు చెప్పాయి. మాత్ర మార్చుకునే ముందు ఇది కూడా బేరీజు వేసుకోండి.

మీ ఆయన అడిగిన ప్రశ్నకి మీరు జవాబు చెప్పలేదు. ఆయన తనకి తోచిన జవాబు చెప్పుకుని ఉంటారు, అది నిజం కంటే చేదుగా ఉంటుంది. పెద్ద సంభాషణ అక్కర్లేదు. టీ తాగేటప్పుడు, మొహం మొహం చూసుకోకుండా పక్కపక్కన కూర్చుని చెప్పొచ్చు: "ఏమండీ, మీరంటే ఇష్టం లేక కాదు. మందుల వల్ల కింద పుండులా ఉంది, నొప్పి. దానికి మందుందట. నాతో ఆసుపత్రికి రండి." అంతే చాలు. ఆయన వస్తే ఓపీలో ఇంకో జత చెవులుంటాయి. రాకపోతే మీరు వెళ్లండి. పడక ఎక్కడన్నది తర్వాత. ఒకే గదిలో రెండు దుప్పట్లు, మీ వైపు ఫ్యాన్, కొన్నాళ్లు అలా సర్దుకున్న జంటలు నాకు చాలామంది తెలుసు. మాత్ర మానేసిన సంగతి ఆయనకి ఎప్పుడు చెప్పాలో మీ ఇష్టం. డాక్టరుకి మాత్రం మొదటి వాక్యమే అది కావాలి.

ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. "ఆవిర్లు ఎక్కువగా ఉన్నాయి సార్" అంటే మళ్లీ అదే జవాబొస్తుంది. మూడు రోజులు పగలెన్ని, రాత్రెన్ని, ఎన్నిసార్లు బట్టలు మార్చారు అని కాగితం మీద రాసుకెళ్లండి. కింద మీరు మింగే ప్రతిదీ రాయండి, పొడులతో సహా. "రాత్రికి ఐదుసార్లు లేస్తున్నాను, అందుకే మూడు వారాలుగా టామాక్సిఫెన్ మానేశాను, వెన్లాఫాక్సిన్ గానీ గాబాపెంటిన్ గానీ నాకు పనికొస్తుందా?" అని అడిగితే ఏ డాక్టరైనా తల పైకెత్తుతారు. ఎత్తకపోతే ఫైలు పట్టుకుని ఇంకొకరిని అడిగే హక్కు మీకుంది. మీ కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే లక్డీకాపూల్ దగ్గర దిగొచ్చు, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఆ పక్కనే రెడ్ హిల్స్‌లో ఉంది. పంజాగుట్టలో నిమ్స్ ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది. రెండో అభిప్రాయం తీసుకుంటే మొదటి డాక్టరుకి ద్రోహం చేసినట్టేమీ కాదు.

మళ్లీ టామాక్సిఫెన్ మొదలుపెట్టాక కొన్ని విషయాల్లో మాత్రం ఓపీ తేదీ కోసం ఆగకూడదు. ఆగిపోయిన నెలసరి తర్వాత రక్తం కనిపించినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అదే రోజు చూపించుకోండి. బతకాలనిపించకపోయినా అంతే.

చివరగా ఆ డబ్బా. అందులో ఉన్నవి మీ లెక్క ప్రకారం 21 మాత్రలు. వాటిని ఏరి మళ్లీ వేసుకోకండి, కొత్త స్ట్రిప్ తెంచండి. మాత్రలన్నీ తీసి కవర్లో కట్టి ఆసుపత్రిలో ఇచ్చేయండి. ఆ ఆవాలు కూడా పోపులోకి వాడకండి. టామాక్సిఫెన్ పొడి అంటుకుని ఉంటుంది, ఇంట్లో ఎదిగే పిల్లలుంటే ఇంకా మంచిది కాదు. డబ్బా కడిగి, ఎండబెట్టి, కొత్త ఆవాలు పోయండి.